పాత కారు వయస్సు ఎంత?

ఒక కారు వయస్సెంత అని ఎవరైనా అడిగితే మనం రిజిస్ట్రేషన్ కాగితం చూసి చెబుతాం. ఫలానా సంవత్సరంలో కొన్నది గనుక ఇన్నేళ్లు అంటాం. ఈ జవాబు సగమే నిజం. కారు ఒక్క వస్తువు కాదు. వేలకొలది వస్తువుల కూటమి. అందులో ఇనుము ఉంది, అల్యూమినియం ఉంది, రబ్బరు ఉంది, నూనె ఉంది, నీరు ఉంది. వీటిలో ప్రతి ఒక్కటీ తనదైన పద్ధతిలో, తనదైన వేగంతో ముసలిదవుతుంది. ఇరవై ఏళ్ల కారులో ఇంజను ఇంకా నడివయస్సులో ఉండవచ్చు. బ్రేకు గొట్టాలలోని ద్రవం మాత్రం ఏనాడో పండుముసలిదై ఉండవచ్చు.

ఈ భేదం గ్రహించినవాడు కొద్దిపాటి ఖర్చుతో పాత కారును దినవాడుకకు పనికివచ్చేటట్లు చేయించుకోగలడు. గ్రహించనివాడు ఉన్న డబ్బంతా పైరంగుకూ సీట్ల తొడుగులకూ పోసి, బ్రేకులు సరిగా పట్టని బండిలో పిల్లలను బడికి తీసుకొని పోతాడు. కాబట్టి ఏ భాగం ఎందుకు ముసలిదవుతుందో, దేనిని ముందు బాగు చేయించాలో ఈ వ్యాసంలో విచారిద్దాం.

ఇరుకు సందులూ చిన్న కారూ

సికిందరాబాదు రైల్వే స్టేషనుకు చేరువలో రెజిమెంటల్ బజార్ ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకొన్న ఈ దండు పట్టణపు చరిత్ర ఆ పేట పేరులోనే వినిపిస్తుంది. ఇక్కడి సందులు పెద్ద కార్లను దృష్టిలో పెట్టుకొని వేసినవి కావు. సుమారు 3.3 మీటర్ల పొడవు, 1.44 మీటర్ల వెడల్పు గల మారుతి 800 వంటి కారు మాత్రం ఇటువంటి చోట సులువుగా మలుపు తిరుగుతుంది. అందుచేత మన విచారణకు దానినే ఉదాహరణగా తీసుకొందాం.

ఈ కారు చరిత్ర చాలామందికి తెలిసినదే. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవిని కొనుగోలుదారుకు అందజేశారు. 2014 జనవరిలో ఉత్పత్తి ముగిసింది. ఈ మధ్యకాలంలో ఇరవై అయిదు లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను, సుమారు 650 కిలోల బరువు – ఇదీ దాని స్వరూపం. ఇన్ని లక్షల కార్లు ఒకే నమూనాలో రావడం వల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దాని మరమ్మతు ఎరిగిన మెకానిక్కులూ ఉన్నారు. పాత కారును ఎన్నుకొనేటప్పుడు చూడవలసిన మొదటి గుణం ఇదే. ఎంత అందమైన కారైనా విడిభాగాలు దొరకకపోతే అది ఇంటి ముందు బొమ్మగా నిలిచిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజి 4 ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాలలో కొత్త మారుతి 800 అమ్మకాలు ఆగిపోయాయి. అంటే జంటనగరాలలో కొత్తగా అమ్ముడుపోయిన ప్రతి మారుతి 800కూ 2025 ఏప్రిల్ నాటికే పదిహేనేళ్లు నిండాయి. సొంతకారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లకు చెల్లుతుంది. ఆ పైన తనిఖీ జరిపించి, అయిదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఈ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దీనిని 10,000 రూపాయలు చేశారు. ఏపీ 10 అనే సికిందరాబాదు అంకె గల పాత కారును బేరమాడేటప్పుడు, ఈ పునరుద్ధరణ జరిగిందా లేదా అన్నది ధరలో భాగమని మరువరాదు. రుసుములూ పన్నులూ మారుతూ ఉంటాయి గనుక కొనేముందే రవాణా కార్యాలయంలో విచారించుకోవాలి.

కొనేముందు: తుప్పు

మరమ్మతుకు లొంగని జబ్బు ఏదో ముందు చూసుకోవాలి. అది తుప్పు. ఇనుము, నీరు, ఆమ్లజని, అనగా ఆక్సిజన్, ఈ మూడూ కలిసిన చోట చిన్న విద్యుద్ఘటం వంటిది ఏర్పడుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి అయానులుగా కరుగుతుంది. మరొకచోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. చివరికి మిగిలేది ఎర్రని, గుల్లబారిన ఆక్సైడు. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుపతుప్పు అలా కాదు. అది పెళ్లలుగా రాలిపోతూ లోపలి లోహాన్ని మళ్లీ గాలికి అప్పగిస్తుంది.

లారీకి కింద బలమైన చట్రం ఒకటి విడిగా ఉంటుంది. మారుతి 800 వంటి కారుకు అటువంటి చట్రం లేదు. రేకుతో మలచిన శరీరమే దాని అస్థిపంజరం. అందువల్ల కారు అడుగున, తలుపుల గడపల కింద, ముందు చక్రాల పైన స్ప్రింగులు ఆనే చోట తుప్పు పట్టిందంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ఎముకకు పట్టిన తెగులు. కాళ్ల కింది తివాచీని ఎత్తి చూడాలి. వానాకాలంలో లోపలికి వచ్చిన నీరు అక్కడే నిలుస్తుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టితే మంచి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు బొదబొదమని పలుకుతుంది. అడుగు గుల్లబారిన కారును ఎంత చవకగా ఇచ్చినా కొనరాదు.

కొనేముందు: ఇంజను

రెండవ పరీక్ష ఇంజనుకు. ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చూపే మీటరును నమ్మి లాభం లేదు. దానిని వెనక్కి తిప్పడం కష్టమైన విద్య కాదు. అరిగిన పెడలు రబ్బర్లు, నునుపెక్కిన స్టీరింగు చక్రం అంతకంటె నిజాయితీగల సాక్షులు. అన్నిటికంటె మంచి సాక్షి పీడనమాపకం. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క సిలిండరుకూ మాపకం తగిలించి, స్టార్టరుతో ఇంజనును తిప్పుతారు. పిస్టను గాలిని ఎంతవరకు అదమగలుగుతున్నదో ముల్లు చూపుతుంది. మూడు సిలిండర్ల అంకెలూ దాదాపు సమానంగా, తయారీదారు చెప్పిన పరిమితిలో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లే.

ఒక సిలిండరులో పీడనం తగ్గితే గాలి ఎక్కడో కారిపోతున్నదన్నమాట. ఎక్కడ? పిస్టను రింగుల పక్క నుంచా, వాల్వుల కింది నుంచా? దీనిని కనుగొనడానికి మెకానిక్కులు చేసే ప్రయోగం ఎంతో సులువైనది. ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. నూనె పిస్టను చుట్టూ చేరి రింగుల సందును తాత్కాలికంగా మూసివేస్తుంది. ఇప్పుడు పీడనం పెరిగితే దోషం రింగులది. పెరగకపోతే వాల్వులదో, గాస్కెట్టుదో. ఒక్క కారణాన్ని మాత్రమే మార్చి ఫలితాన్ని చూడడం ప్రయోగశాలలో మనం పిల్లలకు నేర్పే పద్ధతి. అదే పద్ధతి ఇక్కడ షెడ్డులో, నూనె చేతులతో జరుగుతున్నది.

పొగను చూసి కూడా కొంత చెప్పవచ్చు. నీలిపొగ నూనె కాలుతున్నదని తెలుపుతుంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువై, గాలి చాలలేదని తెలుపుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా విడవకుండా వచ్చే తెల్లని పొగ, చల్లబరచే నీరు సిలిండరులోకి దిగుతున్నదనడానికి గుర్తు.

మొదటి ఖర్చు: బ్రేకులు

కారు కొన్నాం. మొదటి రూపాయి దేనికి పెట్టాలి? నడిపించే భాగానికి కాదు, ఆపే భాగానికి.

మనుషులతో కలిపి కారు ద్రవ్యరాశి 900 కిలోలు అనుకొందాం. గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయేటప్పుడు దాని గతిజశక్తి 45,000 జౌళ్లు. కారును ఆపడమంటే ఈ శక్తినంతా ఉష్ణంగా మార్చడం. ఒక కిలో ఇనుమును 100 డిగ్రీలు వేడెక్కించడానికి ఇది చాలు. వేగం రెట్టింపు చేసి 72 కిలోమీటర్లకు పోతే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, 1,80,000 జౌళ్లు. ఇదంతా బ్రేకు డిస్కులూ డ్రమ్ములూ భరించవలసిన వేడి.

మన కాలి ఒత్తిడిని చక్రాల వద్దకు చేర్చేది గొట్టాలలోని ద్రవం. దీనినే వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటారు గాని, నిజానికి ఇది నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనం. పాస్కల్ సూత్రం ప్రకారం ద్రవం ఒకచోటి పీడనాన్ని అన్నివైపులకూ సమానంగా అందిస్తుంది. ద్రవం అణగదు గనుకనే ఇది సాధ్యం. కాని ఈ రసాయనానికి ఒక దుర్గుణం ఉంది. ఇది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని మరగకూడదని ప్రమాణం. అందులో నూటికి 3.7 పాళ్లు నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. వరుసగా బ్రేకులు వేసినప్పుడు వేడికి ఆ ద్రవం మరిగి గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి వాయువు, వాయువు అణుగుతుంది. అప్పుడు మన కాలు బుడగలను అణచడానికే సరిపోతుంది. పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు.

ఈ ద్రవం కారు నడిచినా నడవకపోయినా ముసలిదవుతుంది. రెండేళ్లకు ఒకసారి మార్చడం మంచి అలవాటు. దీనికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. దానితోపాటు ప్యాడ్లు, లైనర్లు, రబ్బరు గొట్టాలు, సిలిండర్ల లోపలి రబ్బరు వాషర్లు చూపించాలి.

రెండవ ఖర్చు: టైర్లు

బ్రేకులు చక్రాన్ని ఆపుతాయి. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణ. ఘర్షణ గుణకం 0.7 ఉన్నప్పుడు సెకనుకు 10 మీటర్ల వేగం నుండి ఆగడానికి సుమారు 7 మీటర్లు పడుతుంది. తడిరోడ్డు మీద అరిగిన టైరుతో ఆ గుణకం సగానికి పడిపోతే 14 మీటర్లకు పైగా పడుతుంది. సందు మొగలో హఠాత్తుగా ఎదురైన సైకిలుకూ మన కారుకూ మధ్య ఉన్న దూరం ఈ రెండు అంకెల నడుమ ఎక్కడో ఉంటుంది.

టైరు గాళ్లలో అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ దిమ్మెల మట్టానికి వచ్చిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని అర్థం. ఇక దానిని మార్చాలి. అయితే గాళ్లు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని కాదు. 1839లో గుడ్ఇయర్ కనిపెట్టిన పద్ధతిలో రబ్బరుకు గంధకం చేర్చి, అణువుల పొడవాటి గొలుసుల మధ్య అడ్డవంతెనలు కడతారు. రబ్బరుకు సాగే గుణమూ గట్టితనమూ వీటివల్లనే వస్తాయి. ఎండ, ఆక్సిజన్, ఓజోను సోకేకొద్దీ కొన్ని గొలుసులు తెగుతాయి, అడ్డవంతెనలు మితిమీరి పెరుగుతాయి. రబ్బరు బిరుసెక్కి, పక్కలు సన్నగా పగులుతాయి. కదలకుండా ఎండలో నిలిచిన కారు టైరు, రోజూ తిరిగే కారు టైరు కంటె ముందే పాడు కావచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని తెలుసుకోవాలి. కారు వయస్సు కాగితంలో ఉంటే, టైరు వయస్సు టైరు మీదనే ఉన్నదన్నమాట.

మూడవ ఖర్చు: చలువ

సముద్రమట్టాన నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. సికిందరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది; ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ గనుక 98 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజనులో తిరిగే నీరు తొంభై డిగ్రీల దాకా వేడెక్కడం మామూలే. ఏప్రిల్, మే నెలల ఎండలో, ప్యాట్నీ వద్ద కదలని బండ్ల వరుసలో నిలిచినప్పుడు ఈ కొద్దిపాటి అంతరం ఎంతసేపు నిలుస్తుంది?

దీనికి ఉపాయం రేడియేటరు మూతలో ఉంది. అది ఉత్త మూత కాదు, స్ప్రింగుతో పనిచేసే పీడన కవాటం. దానిపై 0.9 అని ఉంటే, బయటి గాలి ఒత్తిడి కంటె చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల అదనపు పీడనం వరకు ఆవిరిని బయటకు పోనివ్వదు. ఆ పీడనంలో నీరు సుమారు 118 డిగ్రీలకు గాని మరగదు. మన వంటింటి ప్రెషర్ కుక్కరులో జరిగేది ఇదే. స్ప్రింగు సడలినా, మూతలోని రబ్బరు వాషరు ఎండినా ఈ ఇరవై డిగ్రీల రక్షణ పోతుంది. వందల రూపాయలలో దొరికే మూతను మార్చని లోభం వేల రూపాయల ఇంజను పనికి దారి తీస్తుంది.

ఎలాగంటే, సిలిండర్ల పై దిమ్మ అల్యూమినియంతో చేసినది. దానిని బిగించిన మరలు ఉక్కువి. 30 సెంటీమీటర్ల అల్యూమినియం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటరు సాగుతుంది. అంతే పొడవుగల ఉక్కు అందులో సగమే సాగుతుంది. మామూలు వేడికి ఈ తేడాను గాస్కెట్టు సర్దుకొంటుంది. ఇంజను మితిమీరి కాగినప్పుడు దిమ్మ వంగిపోతుంది, గాస్కెట్టు కాలుతుంది. కాబట్టి మూత, థర్మోస్టాటు, నీటి గొట్టాలు, ఫ్యాను ముందే చూపించాలి. రేడియేటరులో బోరునీరు పోయరాదు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి పొలుసుగా పేరుకొని సన్నని గొట్టాలను పూడ్చుతాయి. శుద్ధజలంతో కలిపిన కూలెంటు మరుగుస్థానాన్ని పెంచడమే గాక లోపలి తుప్పును కూడా అరికడుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత విప్పరాదని వేరే చెప్పనక్కరలేదు. పీడనం తగ్గిన మరుక్షణమే నీరు ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

టైమింగ్ బెల్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజనులో వాల్వులను తెరిచి మూసే ఇరుసును పళ్లున్న రబ్బరు పట్టీ తిప్పుతుంది. అది తెగితే ఇంజను నడిరోడ్డున నిలిచిపోతుంది. పైకి కనిపించదు గనుక దాని వయస్సు ఎవరూ ఎరుగరు. పాత యజమాని మార్చినట్లు రసీదు లేకపోతే మార్చలేదనే భావించి కొత్తది వేయించాలి.

నాలుగవ ఖర్చు: ఇంధనం, నూనె

2000 ప్రాంతం వరకు వచ్చిన మారుతి 800లలో కార్బురేటరు ఉండేది. తరువాతి వాటిలో ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. ఈ భేదం ఇప్పుడు ముఖ్యమైంది. ఎందువల్లనంటే, 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించిన పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు ఉంటుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకు 9 కిలోలు చాలు. ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు సరిపోతుంది. పెట్రోలుకు తగినట్లు అమర్చిన కార్బురేటరు ఈ సంగతి ఎరుగదు. అది పాత పాళ్లలోనే గాలిని కలుపుతుంది. మిశ్రమం పలచబడి ఇంజను ఉదయం పూట మొరాయిస్తుంది. లీటరులోని శక్తి కూడా నూటికి ఆరేడు పాళ్లు తక్కువ. పైగా ఇథనాలు పాతరకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలను ఇథనాలును తట్టుకొనే కొత్తవాటితో మార్చడం చవకైన భీమా వంటిది. పెట్రోలు కారితే నష్టం డబ్బుతో పోదు. నిప్పు ప్రమాదం ఉంది.

ఇంజను ఆయిల్ విషయంలో ఒక విశేషం. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరిగా పొగగొట్టంలో పోతుంది గాని, కొంతభాగం పిస్టను పక్క నుంచి జారి నూనెలో చేరుతుంది. దూరం నడిస్తే ఇంజను వేడికి అది ఎగిరిపోతుంది. రెజిమెంటల్ బజార్ నుండి రెండు కిలోమీటర్లు పోయి ఆగే కారులో ఇంజను సరిగా వేడెక్కనే వేడెక్కదు. నీరు నూనెలోనే మిగులుతుంది. అందువల్ల తక్కువ తిరిగే కారుకు కిలోమీటర్ల లెక్కన గాక నెలల లెక్కన నూనె మార్చాలి.

ప్లగ్గులు, గాలి ఫిల్టరు, టైర్లలో గాలి సరిచూసుకొంటే ఫలితం ఎంతో లెక్క వేద్దాం. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున 300 రోజులకు 6,000 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 500 లీటర్లు కావాలి. 16 ఇచ్చే కారుకు 375 లీటర్లు చాలు. లీటరు నూరు రూపాయలకు తక్కువ లేని ఈ రోజులలో ఏడాదికి మిగిలేది 12,500 రూపాయలకు పైమాటే. బ్రేకు పనికీ, రేడియేటరు మూతకూ, గొట్టాలకూ ఈ మిగులు నుండే డబ్బు సమకూరుతుంది.

మరమ్మతుకు అందనిది

ఇంత చేసినా ఒక లోటు తీరదు. ఇది 1980ల నాటి రూపకల్పన. ఢీకొన్నప్పుడు దెబ్బను తనలోకి తీసుకొనే నేటి శరీర నిర్మాణం దీనికి లేదు. ఎయిర్ బ్యాగులు లేవు. ఏ మెకానిక్కూ వీటిని తగిలించలేడు. కాబట్టి ఈ కారుకు తగిన చోటు ఊరి వీధులే. రాణిగంజ్ మీదుగా టాంక్ బండ్ దాకా పోయిరావడానికి ఇది చాలు. భారీ వాహనాలు వేగంగా పరుగెత్తే బాహ్యవలయ రహదారి దీని స్థానం కాదు. గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని పైన చూశాం. ఆ సూత్రం కారును ఆపేటప్పుడే గాక ఢీకొన్నప్పుడూ వర్తిస్తుంది. సీటు బెల్టులు, వాటి కొక్కేలు బాగున్నాయో లేదో చూసి, ముందూ వెనుకా కూర్చున్నవారందరూ కట్టుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాస్కల్ సూత్రం, మరుగుస్థానం మీద పీడన ప్రభావం, లోహాల వ్యాకోచం, తుప్పు రసాయనశాస్త్రం – తొమ్మిది, పది తరగతులలో చెప్పే ఈ పాఠాలన్నీ ఒక పాత కారు మూత కింద కనిపిస్తాయి. పాఠశాల ఆవరణలో నిలిచిన ఏదైనా కారు వద్దకు పిల్లలను తీసుకొని వెళ్లి, టైరు మీది నాలుగు అంకెలు చదివించండి. ఆ సాయంత్రం వాళ్లు ఇంటి బండి టైరు కూడా చూస్తారు. అందులో ఒక్క ఇంట్లోనైనా, అవసరమైన టైరు అవసరమైన వేళకు మారుతుంది.